రోస్కిల్డే నుంచి ఒక సిఫారసు

ప్లెయిన్స్‌బరో తెలుగు క్రైస్తవుల్లో దైవాశీర్వాదం అనే పేరు గలవాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన పాటలు పాడతాడు కాబట్టి పాటల దైవాశీర్వాదం. రెండో ఆయన కుర్చీలు వేస్తాడు. ఆయన్ని ఏమంటారో వేరే చెప్పనక్కర్లేదు. ఈ కథ ఆ కుర్చీలాయనది.

ఊరు పాలకొల్లు దగ్గర. ఫార్మసీ చదివి అమెరికాలో న్యూజెర్సీకి వచ్చి ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో కుదురుకున్నాడు. సీసా మూత బిగిసిందా, లేబుల్ తిన్నగా అంటిందా అని చూసే ఉద్యోగం. వచ్చినప్పటి నుంచీ హెచ్ వన్ వీసా మీదే ఉన్నాడు. గ్రీన్ కార్డు లైనులో తన వంతు ఎప్పటికొస్తుందని ఒకసారి లాయరును అడిగితే, ఆ లాయరు "మీ వయసెంత?" అని అడిగి, విని, మాట మార్చేశాడు. దైవాశీర్వాదం కూడా మళ్లీ అడగలేదు.

కుర్చీల పని ఆయనకు ఎవరూ అప్పగించింది కాదు. తెలుగు సంఘం కొత్తగా మొదలైనప్పుడు సంఘ పెద్ద షాలేం రాజు గారు "బ్రదర్, ఆ నాలుగు కుర్చీలు వేద్దురూ" అన్నాడు. వేశాడు. చాలు అని మాత్రం ఆయన ఇంతవరకూ అనలేదు. అందుకని ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేయడం, అందరూ వెళ్లాక మడిచి గోడకు ఆనించడం ఆయన పనైపోయింది. మనలో మాట, ఆయనకు అది ఇష్టం కూడా. వరస తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకునేవాడు. ఎవరైనా సాయం వస్తే మొహమాటానికి చేయనిచ్చి, వాళ్లు పోయాక వాళ్లు వేసిన వరస సరిచేసేవాడు.

కుర్చీలు తెలుగువాళ్లవి కావు. హాలూ కాదు. ప్లెయిన్స్‌బరోకి పావుగంట డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఎప్పుడో ఇటుకల ఫ్యాక్టరీల్లో పని వెతుక్కుంటూ వచ్చిన డెన్మార్క్ వాళ్లు కట్టుకున్న చర్చి అది. వెనకాల చిన్న సమాధుల తోట. ఉదయం వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం మనవాళ్లది. వాళ్లు తగ్గుతూ తగ్గుతూ తొమ్మిది మందికి వచ్చారు. మనవాళ్లు పెరుగుతూ పెరుగుతూ నూట యాభై దాటారు. వాళ్ల ఆరాధన జరుగుతున్నంతసేపూ మన బిర్యానీ డెక్చాలు బయట కార్లలో వేచి ఉండేవి.

ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది చర్చి అమ్మేద్దామన్నారు. కప్పు కారుతోంది, హీటింగు ఖర్చు మోయలేకపోతున్నారు, టౌన్‌హౌసులు కట్టే బిల్డరు ఒకడు తయారుగా ఉన్నాడు. అడ్డు ఒక్కటే. కట్టిన డేనులు, అదే ఆ డెన్మార్క్ వాళ్లు, ముందుచూపుతో ఒక నియమం పెట్టి పోయారు. తోటలో తన చోటు కోసం ఎదురుచూస్తున్న సభ్యుడు ఒక్కరైనా బతికి ఉన్నంత కాలం ఆ నేలను అమ్మకూడదు. చోటంటే సమాధి చోటు. ఎనిమిది మందీ తమ చోట్లు ఎప్పుడో వదులుకున్నారు. కొందరు పిల్లల దగ్గరికి ఫ్లోరిడా పోతున్నారు, కొందరు దహనమే సుఖమనుకున్నారు. మిగిలింది మిసెస్ సోరెన్సెన్ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. భర్త హ్యారల్డ్ పక్కన ఆవిడ చోటు ఖాళీగా ఉంది. అదీ వదులుకోమని మిగతావాళ్లు ఆవిడ ప్రాణం తోడుతున్నారు. థాంక్స్‌గివింగ్ పండగ లోగా చెబుతానని ఆవిడ అంది.

కబురు మనవాళ్లకు తెలిసేసరికి గుండెల్లో రాయి పడింది. అంతకు ముందు వాళ్లు ఒక స్కూలు జిమ్‌లో బాస్కెట్‌బాల్ రింగు కింద ప్రభురాత్రి భోజనం చేసినవాళ్లు. ఒక ఇండియన్ గ్రాసరీ మేడ మీద ఏడాదిపాటు పచ్చళ్ల ఘాటుకు తుమ్ముతూ వాక్యం విన్నవాళ్లు. మళ్లీ ఆ తిరుగుడు ఎవరివల్లా కాదు.

సరిగ్గా అప్పుడే దైవాశీర్వాదాన్ని కంపెనీ రెండు వారాల ట్రైనింగుకు కోపెన్‌హేగన్ పంపిస్తానంది. ఆ మాట చెవిన పడగానే షాలేం రాజు గారి కళ్లు మెరిశాయి. ఈయన స్వస్థలం భీమవరం. ఇంజనీరింగు సీటు నుంచి గ్యాస్ కనెక్షన్ దాకా జీవితంలో ఏదీ సిఫారసు లేకుండా సంపాదించుకోలేదు, సిఫారసు లేకుండా వచ్చిన వస్తువు నిలవదని ఆయన నమ్మకం. విజయవాడ పోయేవాడి చేత మద్రాసులో ఉన్నవాడికి చెప్పించి గుంటూరులో పని చేయించుకోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అందులో ఆయన పండితుడు.

"బ్రదర్, ప్రతి మనిషికీ పైన ఒక మనిషి ఉంటాడు," అన్నాడు. "ఆ పై మనిషి చేత చెప్పిస్తే పనైపోతుంది. సోరెన్సెన్ ఆంటీకి పైన ఎవరున్నారు చెప్పండి? వాళ్ల తాతగారిది రోస్కిల్డే. హాల్లో ఆ కేథడ్రల్ ఫొటో పెట్టుకున్నారా లేదా? కోపెన్‌హేగన్ నుంచి ట్రైన్‌లో అరగంటట. మీరు వెళ్లి బిషప్ గారి చేత ఒక్క నిమిషం వీడియో చెప్పించండి. తెలుగువాళ్లు మంచోళ్లు, హాలు అమ్మొద్దు అని. అంతే."

దైవాశీర్వాదానికి అందులో తప్పేమీ కనబడలేదు. ఆయనా గోదావరి మనిషే కదా. భార్య ఎలీనా మాత్రం సూట్‌కేసు సర్దుతూ, బిషప్ గారు మీకు మేనమామ వరస అవుతారా అని అడిగింది. ఆయన కాదన్నాడు. మరి ఎందుకు చెబుతాడంది. అడిగితే కదా తెలిసేది అన్నాడు. ఎలీనా ఆవకాయ సీసాను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పైన టవలు చుట్టింది. ఆవిడ అభిప్రాయాలు ఇంతకంటే పెద్దగా బయటికి రావు.

ఆదివారం ఉదయం రోస్కిల్డే స్టేషన్‌లో దిగాడు. చినుకు పడుతోంది. ఊరి నడుమ రాళ్లు పరిచిన వీధి, అందులో కార్లు లేవు, మనుషులూ అంతంత మాత్రం. సైకిళ్లు మాత్రం గోడ గోడకూ ఆనించి ఉన్నాయి, వాటిలో సగానికి తాళాలు కూడా లేవు. ఇళ్ల కప్పుల మీదుగా రెండు కోసుగా ఉన్న శిఖరాలు కనబడుతున్నాయి. అటు నడుస్తుంటే ఒక బేకరీ ముందు పిల్లలబండి కనబడింది. లోపల పాప నిద్రపోతోంది. దగ్గర ఎవరూ లేరు.

అక్కడివాళ్లకు అది మామూలే. పసివాళ్లకు చల్లగాలి మంచిదని బయటే పడుకోబెట్టి తల్లులు లోపల కాఫీ తాగుతారు. పాలకొల్లు మనిషికి ఆ సంగతి ఏం తెలుసు? ఎవరో బిడ్డను వదిలేసి పోయారనుకుని ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. అటూ ఇటూ చూశాడు. వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. గొడుగు విప్పి బండికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. అంతలో ఇంకో తల్లి వచ్చింది. నీలం జర్కిన్ వేసుకుని గొడుగుతో నిటారుగా నిలబడిన మనిషిని చూసి, ఈ ఏర్పాటేదో బాగుందనుకుందో ఏమో, తన బండి కూడా పక్కనే పెట్టి, నవ్వి, లోపలికి పోయింది. తరవాత మూడో ఆవిడ వచ్చింది. కేథడ్రల్ గంటలు మోగి ఆగిపోయాయి కూడా. దైవాశీర్వాదం మాత్రం బేకరీ ముందు మూడు బండ్లకు కాపలా కాస్తూ నిలబడ్డాడు. మొదటి తల్లి బయటికి వచ్చి ఆయన్ని అనుమానంగా ఎగాదిగా చూసింది. ఆయన ఊపిరి పీల్చుకుని, "యువర్ బేబీ? ప్రైజ్ ద లార్డ్," అన్నాడు. ఆవిడ బండి తోసుకుంటూ గబగబా వెళ్లిపోయింది. మిగతా ఇద్దరూ వచ్చేదాకా ఆయన కదలలేదు.

అలా ఆలస్యంగా కేథడ్రల్ దగ్గరికి చేరాడు. ఎర్ర ఇటుకల కొండలా ఉంది. కాళ్లు కడుక్కునే కొళాయి కోసం చూశాడు, లేదు. సరే అని గుమ్మం పక్కన బూట్లు విప్పి జతగా పెట్టి, మేజోళ్లతో లోపల అడుగుపెట్టాడు. మన వైపు ఎంత పెద్ద దొరైనా చెప్పులతో గుళ్లోకి రాడు. అందులో ఆలోచించాల్సింది ఏముంది?

లోపల అసలు చిక్కు మొదలైంది. నలభై మంది దాకా రాజులూ రాణులూ ఆ చర్చిలోనే ఉన్నారని ఆయన ట్రైన్‌లో చదివాడు. వాళ్లంతా పెద్దమనుషుల్లా పక్క గదుల్లో రాతి పెట్టెల్లో ఉన్నారు, వాళ్లతో ఇబ్బంది లేదు. కానీ నేల మీద పరిచిన పలకలు కూడా సమాధులే. పేర్లూ, మొహాలూ, చేతులు జోడించిన మనుషుల బొమ్మలూ పాదాల కింద. జనం వాటి మీదే నడిచి పోతున్నారు. చిన్నప్పుడు సమాధుల తోటలో బంతి కోసం పరిగెత్తి ఒక పెద్దాయన గోరీ తొక్కినందుకు వాళ్ల నాన్న చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ ఇంకా ఆయన కాళ్లకు గుర్తుంది. అందుకని రెండు పలకల మధ్య సందు చూసుకుని ఒక కాలు, ఆ పైన పలక దాటి ఇంకో కాలు వేస్తూ, తొక్కుడుబిళ్ల ఆడుతున్నట్టుగా గెంతుకుంటూ ముందుకు పోయాడు. నలభై మూడేళ్ల మనిషి, కొంచెం బొజ్జ కూడా ఉంది. ప్రసంగం చేస్తున్న పాస్టరమ్మ ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

ఆరాధన అయ్యాక ఆయన ఊపిరి తీసుకుంటూ ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆ గోడ మీద పాత గడియారం ఉంది. గుర్రం మీద ఉన్న బొమ్మ వీరుడు గంట గంటకూ కిందున్న డ్రాగన్‌ను పొడుస్తాడు, అది కీచుమని అరుస్తుంది. ఈ సంగతి ట్రైన్‌లో చదివిన దాంట్లో లేదు. నెత్తి మీద కీచుమనేసరికి దైవాశీర్వాదం "ప్రభువా" అని ఎగిరి, అంత జాగ్రత్తగా దాటుకుంటూ వచ్చినవాడు కాస్తా రెండు కాళ్లతో ఎవరో పాతకాలపు పెద్దమనిషి గుండెల మీద పడ్డాడు. వెంటనే వంగి, పలకను వేళ్లతో తాకి, కళ్లకు అద్దుకుని, సారీ చెప్పాడు.

అప్పుడు వచ్చింది బిర్గిట్. చర్చి తలుపులు తీయడం, కొవ్వొత్తులు వెలిగించడం, తుడవడం, ఇవన్నీ చూసుకునే మనిషి. పొట్టి జుట్టు, మెడలో తాళాల గుత్తి. ఆవిడకు రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఒంట్లో బాగాలేదా అని. రెండోది, గుమ్మం దగ్గర బూట్ల సంగతి మీకేమైనా తెలుసా అని. దైవాశీర్వాదం బయటికి వెళ్లి చూశాడు. తన ఒక్క జత కాస్తా పది పన్నెండు జతలయింది. వెనక వచ్చిన టూరిస్టులు ఆయన బూట్లు చూసి, ఇక్కడి ఆచారమేమో అనుకుని వరసగా విప్పేసి లోపలికి పోయారు. డేనులు కూడా ఇద్దరు ముగ్గురు విప్పారు. అక్కడ నియమం ఉందనిపిస్తే చాలు, ఎవరు పెట్టారని అడగరు. వాన మాత్రం అన్ని జతల్లోనూ సమానంగా కురిసింది.

బిర్గిట్ కోప్పడలేదు. లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చింది. ఆరాధన తరవాత వచ్చినవాళ్లంతా ఓ పక్కన మడత కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతున్నారు. దైవాశీర్వాదం బిషప్ గారి సంగతి కదిపాడు. న్యూజెర్సీ, హాలు, మిసెస్ సోరెన్సెన్, ఆవిడ తాత, నూట యాభై మంది, అన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, బిషప్ గారు ఊళ్లో లేరని, ఉన్నా తనకు తెలియని మనుషుల గురించి ఆయన ఏం చెప్పగలరని అడిగింది. చెప్పమని మేము అడుగుతున్నాం కదా అన్నాడు దైవాశీర్వాదం. తెలియకుండా ఎలా చెబుతారంది. తెలిస్తే సిఫారసు ఎందుకు, ఎలాగూ తెలిసే ఉంటుంది కదా అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కాఫీ తాగారు. ఎవరి పద్ధతి వాళ్లది.

అందరూ లేచారు. దైవాశీర్వాదం మనసు బాగాలేదు. సముద్రం దాటి వచ్చి ఒట్టి చేతులతో పోవడమా? ఆ దిగులులో ఆయనకు తెలియకుండానే చేతులు పక్క కుర్చీని మడిచాయి. తరవాత దాని పక్కది. వరస మొత్తం మడిచి గోడకు ఆనించాక గాని తాను ఎక్కడున్నాడో గుర్తు రాలేదు. బిర్గిట్ చీపురు పట్టుకుని నిలబడి చూస్తోంది. ఫోను ఇటివ్వండి అంది. వద్దు, మీరే పట్టుకోండి, నేను చెబుతాను అని దిద్దుకుంది.

వీడియో అంతా కలిపి అర నిమిషం కూడా లేదు. "నేను బిషప్‌ను కాను. మీ సంఘం గురించి నాకేమీ తెలియదు," అంది బిర్గిట్. "ఈ మనిషి మా చనిపోయినవాళ్లను తొక్కకుండా ఉండడానికి చర్చి పొడవునా గెంతాడు. పొరపాటున ఒకరిని తొక్కి క్షమించమన్నాడు. ఎవరూ అడగకుండానే మా కుర్చీలు మడిచాడు. నేను చూసింది ఇంతే."

ప్లెయిన్స్‌బరోలో ఆ వీడియో చూసిన షాలేం రాజు గారికి నెత్తి మీద పిడుగు పడినట్టయింది. కలెక్టరు చేత చెప్పించమంటే బంట్రోతు చేత చెప్పించుకొచ్చాడని వాపోయాడు. పైగా గెంతడమేంటి, మన పరువేం కావాలి అన్నాడు. కాసేపు ఆలోచించి, బిషప్‌ను కాను అన్న ముక్క కత్తిరించి, కింద బిషప్ ఆఫీసు అని ఒక లైను వేద్దాం, మా వాడు ఎడిట్ చేస్తాడు అన్నాడు.

దైవాశీర్వాదం ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగడు. ఆ రోజు చెప్పాడు.

"లేబుల్ ఒకటీ లోపల మందు ఒకటీ అయితే మా ఆఫీసులో బ్యాచ్ మొత్తం పారేస్తామండి," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. లేదంటే అసలు చూపించను."

ఆదివారం పొద్దున తొమ్మిది మంది ముందూ ఫోనును టీవీకి తగిలించి చూపించాడు. ఎనిమిది మంది మర్యాదగా నవ్వారు. మిసెస్ సోరెన్సెన్ నవ్వలేదు. మళ్లీ వెయ్యమంది. వేశాడు. ఇంకోసారి వెయ్యమంది. తరవాత కర్ర ఆనించుకుని ఆయన్ని తేరిపార చూసి, మన తోటలో ఎప్పుడైనా నడిచావా అని అడిగింది. ఎండాకాలంలో పిల్లలు అటు పోకుండా తానే కాపలా ఉంటానని, తాను కూడా గట్టు దాటి పోలేదని చెప్పాడు.

ఆవిడ తల ఊపి, నీకు షుగరు ఉందా అంది.

లేదన్నాడు. బీపీ? కొంచెం, మాత్ర వేసుకుంటాను. సిగరెట్టు? అబ్బే. మీ నాన్న ఉన్నాడా? ఉన్నారు. మీ నాన్నమ్మ? తొంభై దాటాక పోయింది, అదీ జారిపడి. ఈ ప్రశ్నలు ఎందుకో దైవాశీర్వాదానికి అంతుబట్టలేదు గాని, ముసలావిడ ముచ్చట పడుతోంది కదా అని చెప్పుకుంటూ పోయాడు. షాలేం రాజు గారికి మాత్రం ఏదో వాసన తగిలింది. వాళ్ల వంశంలో ఎవరూ తొందరగా పోరని ఆయన మధ్యలో అందుకున్నాడు.

"అయితే నా చోటు ఇతనికిస్తున్నాను," అంది మిసెస్ సోరెన్సెన్.

నియమం ప్రకారం కొత్త సభ్యుడు చేరడానికి పాత సభ్యుడి సిఫారసు ఒకటి చాలు. అది ఆవిడ చేసింది. చోటున్నవాళ్లు తమ చోటును ఇంకో సభ్యుడికి ఇవ్వవచ్చు, కాకపోతే ఒక్కసారే చేతులు మారాలి. దైవాశీర్వాదం బతికి ఉన్నంత కాలం ఇక ఆ నేలను ఎవరూ అమ్మలేరు. ఎనిమిది మందీ నియమాల కాగితం తెచ్చి రెండుసార్లు చదువుకున్నారు. షాలేం రాజు గారి లెక్కలు మాత్రం ఆగలేదు. ఒక్కసారే మారేటట్టయితే ఇంకా చిన్నవాళ్లకిస్తే మంచిది కదా, మా పాప తన్వికి ఏడేళ్లే, ఇంకో ఎనభై ఏళ్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు. పసిపిల్లకు గోరీ ఇచ్చే మనిషిలా కనబడుతున్నానా అని ఆవిడ కర్ర ఎత్తింది. సిఫారసు ఎవరి పేరు మీద వచ్చిందో వాళ్లకే అంది.

అలా పదకొండేళ్లుగా అమెరికాలో మూడేళ్లకోసారి ఉండనివ్వండని దరఖాస్తు పెట్టుకుంటున్న మనిషికి ఈ దేశంలో శాశ్వతంగా ఆరడుగుల నేల దొరికింది. పైన ఉండడానికి ఇంకా పర్మిషన్ కావాలి గాని కింద ఉండడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆఫీసులో ఫణి అనే స్నేహితుడు విని, "అన్నా, పర్మనెంట్ రెసిడెంట్ అంటే నువ్వే," అని భుజం తట్టాడు. దైవాశీర్వాదం నవ్వాడు. లోపల ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది. తన వల్ల సంఘానికి హాలు నిలిచింది. పాటల దైవాశీర్వాదం ఎన్ని పాటలు పాడితే ఇంతటి పనవుతుంది?

ఆ సంతోషం నెల తిరక్కుండానే మొహం మొత్తింది. తరవాతి ఆదివారం ఆయన కుర్చీ మీద చెయ్యి వేయగానే నలుగురు పరిగెత్తుకొచ్చి లాక్కున్నారు. మీ నడుముకేమైనా అయితే అన్నారు. కుర్చీలు ఇంకెవరో వంకరటింకరగా వేశారు, ఆయన చూడలేక మొహం తిప్పుకున్నాడు. భోజనాల దగ్గర ఆయన విస్తట్లో బిర్యానీ తీసేసి కీరా ముక్కలు వేశారు. ఆవకాయ కనబడితే ఎవరో ఒకరు సీసా దూరం జరుపుతున్నారు. రూట్ వన్ హైవే మీద డ్రైవ్ చేయకండి, లోపలి రోడ్లలో రండి అని షాలేం రాజు గారు కబురు పెట్టాడు. ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు, రోగులకంటే ముందు, వీసా ఇంటర్వ్యూలున్న వాళ్లకంటే ముందు, దైవాశీర్వాదం గారి కొలెస్టరాల్ కోసం ప్రార్థించారు. దీర్ఘాయుష్షు ఇమ్మని నూట యాభై మంది చేతులెత్తారు. ఆమెన్ అన్న కేక తోట దాకా వినబడింది.

ఎలీనా కూడా చేతులెత్తింది. ఇంట్లో మాత్రం ఆయన హాలు సంగతి ఎత్తితే లేచి బట్టలు మడత పెట్టుకునేది.

ఒక ఆదివారం ఆవిడే మిసెస్ సోరెన్సెన్ దగ్గరికి వెళ్లి ఆ చోటు చూపించమంది. ముగ్గురూ తోటలోకి వెళ్లారు. హ్యారల్డ్ సోరెన్సెన్ రాయి, దాని పక్కన గడ్డి, ఆ పక్కన ప్రహరీ గోడ. అంతే చోటు. ఎలీనా చాలాసేపు చూసింది. మరి మీ ఆయన పక్కన మీరు ఉండొద్దా అని అడిగింది. యాభై రెండేళ్లు పక్కనే ఉన్నానమ్మా, ఇంక నన్ను కాల్చి ఆ బూడిద గులాబీ మొక్కలకు వెయ్యమని చెప్పాను, హ్యారల్డ్‌కు గులాబీలంటే పడదు, అయినా ఓర్చుకుంటాడు అంది ఆవిడ. నవ్వుతూనే చెప్పింది గాని, కర్ర కొసతో హ్యారల్డ్ రాయి మీది ఎండుటాకులను ఒక్కొక్కటే పక్కకు నెట్టింది. దైవాశీర్వాదానికి అప్పటిదాకా ఆ చోటు ఎవరి పక్కనుంచి వచ్చిందో తట్టనే లేదు. సిగ్గేసింది.

నాకు చోటుందా అని అడిగింది ఎలీనా. సభ్యత్వం ఆయన ఒక్కడిదే అయినా, ఒక చోటులో ఇద్దరు పట్టేటట్టు లోతుగా తవ్వుతారని మిసెస్ సోరెన్సెన్ చెప్పింది. ఒకరి మీద ఒకరు. ముందు వెళ్లినవాళ్లు కింద, తరవాతివాళ్లు పైన.

ఇంటికి వెళ్తుండగా కారులో ఎలీనా నోరు విప్పింది.

"కిందది నాదండి."

"ముందెవరు పోతే వాళ్లది కదే," అన్నాడు ఆయన నవ్వుతూ.

"అదే చెప్తున్నాను. మన ఇద్దరిలో ఎవరో ఒకరం ముందు పోవాలి. మీరు పోకూడదని అందరూ చేతులెత్తి అడుగుతున్నారు. నేనూ వాళ్లతో పాటు ఎత్తుతున్నాను, ఆమెన్ అంటున్నాను. మరి ఆ లెక్కన ముందు పోవాల్సింది ఎవరండి? ఒక్కళ్లకైనా తట్టిందా అది? మీకైనా తట్టిందా?"

తట్టలేదు. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆయన కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు. ఎలీనా కిటికీలోంచి బయటికి చూస్తూ, పోనివ్వండి, పోనివ్వండి అంది. ఆవిడ లేని ఇంట్లో తాను కీరా ముక్కలు తింటూ, లోపలి రోడ్లలో డ్రైవ్ చేసుకుంటూ, సంఘం కోసం జాగ్రత్తగా బతుకుతుండడం ఆయన కళ్ల ముందు కనబడింది. అంత భయం ఆయనకు ఏ వీసా కిటికీ దగ్గరా వేయలేదు.

తరవాతి ఆదివారం హాలు నిండా జనం. వెనక వరసలో మిసెస్ సోరెన్సెన్ కూడా కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, తన చోటు తీసుకున్నవాడు ఎలా ఉన్నాడో చూసుకోవడానికి అప్పుడప్పుడు వచ్చి కూర్చోవడం ఆవిడకు అలవాటైంది. ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అని షాలేం రాజు గారు అడిగాడు. దైవాశీర్వాదం లేచి నిలబడ్డాడు. ఆయన సభలో లేచి మాట్లాడడం ఎవరూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ప్రభువా, వీళ్లందరూ నా ఆయుష్షు అడుగుతున్నారు. అది హాలు కోసమని నీకూ తెలుసు, నాకూ తెలుసు. హాలు నీది, నువ్వు చూసుకో. నా మనవి ఒక్కటే. మా ఎలీనా కంటే ఒక్క రోజైనా ముందు నన్ను తీసుకో. ఆవిడ లేకుండా ఉండడం నాకు రాదు. యేసు నామమున అడుగుతున్నాను, తండ్రీ."

 నూట యాభై మందిలో ఒక్కరూ ఆమెన్ అనలేదు. అనకపోతే పాపం, అంటే హాలు పోతుంది. షాలేం రాజు గారు మైకు దగ్గర నోరు తెరిచి, మూసి, కప్పు వైపు చూశాడు. ఎలీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రార్థన అయిపోయిందని, ఎవరూ ఏమీ అనడం లేదని వెనక వరసలో కూర్చున్న ముసలావిడకు అర్థమైంది. కర్ర ఆనించుకుని లేచి, గట్టిగా "ఆమెన్" అంది.